ఒక సైజు పెంచు

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి లెక్కలమ్మ పెన్సిలు చెక్కుకుంటోంది. అవతలి గొంతు పెద్ద నర్సుది. మూడో అంతస్తు వార్డులో వేడినీళ్ళు రావడం లేదట. చలి మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరసట. "బాలింతలూ పసిబిడ్డలూ ఉండే చోటమ్మా ఇది, సరుకుల గోదాము కాదు," అని ఆవిడ ఫోను ఠపీమని పెట్టేసింది.

"ఎవరో వాల్వు కట్టేసి ఉంటారు," అన్నాడు అన్నయ్య, సంగతి పూర్తిగా వినకుండానే. "కొత్త భవనం కదా. ప్రతివాడికీ ప్రతిదీ తిప్పి చూడాలనే ఉంటుంది."

అన్నయ్య గొట్టాల పని కాంట్రాక్టరు. పంపులు, ట్యాంకులు, బాయిలర్లు, వాటిని కలిపే పైపులు, ఇదీ ఆయన లోకం. నీళ్ళు ఎక్కాల్సిన చోటికి ఎక్కించడం, దిగాల్సిన చోట దించడం ఆయన పని. ఏ భవనానికి ఎంత ట్యాంకు కావాలో, ఎంత లావు పైపు పట్టాలో లెక్క కట్టడం చెల్లెలి పని. ఆయన ఇంటి ముందు గదే ఆఫీసు. రెండు బల్లలు, చూడ్డానికి వచ్చినవాళ్ళకి లోపల ఎలా ఉంటుందో చూపించడానికి నిలువునా కోసిన వాల్వు ఒకటి, వంటింటికీ ఆఫీసుకీ మధ్య ఒక తెర. ఆ తెరకు చెవులున్నాయని పనివాళ్ళు అనేవాళ్ళు. ఆ చెవులు వదినవి.

పనివాళ్ళు చెల్లెల్ని లెక్కలమ్మ అనేవాళ్ళు. అన్నయ్యని, ఆయన ఎదుట లేనప్పుడు, పైసైజాయన అనేవాళ్ళు. ఏ లెక్క చూపించినా ఆయన చూసేది చివరి అంకె ఒక్కటే. చూసి అనే మాటా ఒక్కటే. "ఒక సైజు పెంచు."

"నీ లెక్కలో కాగితం మీది మనుషులు స్నానం చేస్తారే అమ్మాయ్, నా ట్యాంకులో నిజం మనుషులు చెయ్యాలి," అని నవ్వేవాడు, ఆమె ఎప్పుడైనా వాదిస్తే.

"పిల్లలకి చెప్పులు కూడా అలాగే కొన్నారుగా," అని తెర వెనక నుంచి వదిన అందుకునేది. "కాళ్ళు చెప్పుల్ని అందుకునేలోపు చెప్పులు చిరిగి చక్కా పోయేవి."

ఆవేళ మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. మధ్యాహ్నం ఆసుపత్రికి పంపిన ఫిట్టరు సాయంత్రం తిరిగొచ్చి, చేతుల నూనె గుడ్డకి తుడుచుకుంటూ చెప్పాడు. "వాల్వులన్నీ తెరిచే ఉన్నాయండీ. పైపులో గాలి కూడా లేదు. బాయిలరు కాలుతూనే ఉంది. పైకెళ్ళేసరికే చల్లారిపోతోంది."

"పనిలో లోపం ఉండదు," అన్నాడు అన్నయ్య. "అది మన చెల్లెలు సంతకం పెట్టిన పని."

ఆ మాట ఆయన ఈ మధ్య తరచు అంటున్నాడు. ఇంతకుముందు ఏ పనికైనా కాగితాల మీద సంతకం ఆయనదే. ఈ ఆసుపత్రి కాంట్రాక్టులో మాత్రం ఒక కొత్త షరతు ఉంది. పరికరం ఏ సైజుదో లెక్క కట్టినవాళ్ళే ఆ లెక్క కింద సంతకం చెయ్యాలి. చివరి పేజీ తెచ్చి ఆమె ముందు పెట్టి, తన జేబులోని పెన్ను తీసి మూత విప్పి మరీ ఇచ్చాడు అన్నయ్య. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నలభై దాటిన మనిషికి పెన్ను పట్టుకున్న చెయ్యి వణికిందంటే ఎవరితో చెప్పుకుంటుంది? పైన ఏముందో చూడలేదు. అక్కడున్నది తను రాసిన లెక్కేగా, ఎప్పటిలాగే ఆయన దిద్దుకున్న అంకేగా అనుకుంది. పేరు పూర్తిగా, పొల్లు పోకుండా రాసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె తనే బయల్దేరింది. సైటుకు వెళ్ళే అలవాటు ఆమెకు లేదు. బల్ల దగ్గరే ఆమె భవనాలన్నీ పూర్తయిపోయేవి. "నువ్వెందుకే చలిలో?" అన్నాడు అన్నయ్య. "నా సంతకం కదా," అంది. ఆయన మొహం విప్పారింది. ఫిట్టర్ని తోడిచ్చి పంపాడు.

ఆసుపత్రి గోడలకు ఇంకా రంగు వాసన పోలేదు. కింది అంతస్తులో డబ్బు కట్టి తీసుకునే గదులు. వాటి తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే సబ్బు వాసనతో వెచ్చటి ఆవిరి వరండాలోకి వస్తోంది. ఎవరో స్నానం చేస్తూ కూనిరాగం కూడా తీస్తున్నారు. ఫరవాలేదు, నీళ్ళు బాగానే ఉన్నాయి అనుకుంటూ మెట్లెక్కింది లెక్కలమ్మ.

రెండో అంతస్తు మలుపులో ఒక ఆయా ఎదురైంది. రెండు చేతులా రెండు బకెట్లు. వాటిమీద పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. పళ్ళేల అంచుల్లోంచి పొగలు వస్తున్నాయి. ఒక పాదానికి గుడ్డ కట్టు ఉంది. మెట్టు మెట్టుకీ ముందు మంచి కాలు వేసి, తర్వాత కట్టున్న కాలిని పక్కకి తెచ్చుకుంటోంది.

"తప్పుకోండమ్మా, తప్పుకోండి. ఒలికితే మీకూ నాలాగే పట్టీ పడుతుంది."

"కాలికేమైంది?"

"ఏమవుతుంది? వంటశాల నుంచి మూడో అంతస్తుకి సలసల కాగే నీళ్ళు మోస్తే ఏమవుతుందో అదే అయింది. మొన్న మలుపులో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. పూలగుత్తి పట్టుకుని, మనవడు పుట్టిన ఆనందంలో. ఆయనకి దారిచ్చాను. బకెట్టు నా కాలికి దారిచ్చింది."

ఫిట్టరు చెయ్యి చాచి ఒక బకెట్టు అందుకున్నాడు. లెక్కలమ్మ రెండోదానికి చెయ్యి చాచింది కానీ ఆయా ఇవ్వలేదు. "మీరు మొయ్యలేరు లెండి. అలవాటు లేని చెయ్యి," అంది.

పైన పొడవాటి వార్డు. ఇక్కడ గదులు లేవు. వరసగా పడకలు, పడకల మధ్య తెరలు. స్నానాల గది ముందు ముగ్గురు బాలింతలు గోడకానుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి, చెవులకు గుడ్డ కట్టుకుని, పళ్ళు టకటకలాడుతుంటే నవ్వుతోంది. ఆయా బకెట్టు దించగానే, పొగలొచ్చే నీళ్ళు మగ్గుతో కొలిచి చన్నీళ్ళ బకెట్లలో కలపడం మొదలెట్టింది. ఒక్కొక్కరికీ రెండేసి మగ్గులు. మూడోది ఎవరికీ లేదు. ఆ కొలతలో ఆమె చెయ్యి ఎంత ఖచ్చితంగా ఉందంటే, లెక్కలమ్మ కళ్ళు దానిమీంచి తిప్పుకోలేకపోయింది.

"తలకి వద్దమ్మా ఈపూట. ఒంటికి సరిపెట్టుకో," అంటోంది ఆయా, పళ్ళు టకటకలాడే అమ్మాయితో. "నీ తల ఎవరు చూస్తారు, అందరూ నీ పిల్లాణ్ణేగా చూసేది?"

"కుళాయిలో అసలు రావా?"

"వస్తాయమ్మా, కింది గదులవాళ్ళందరూ స్నానాలు చేసి, తలలారబెట్టుకుని, ఇంక మాకొద్దు అన్నాక. అప్పుడేం వస్తాయి? పేరుకి వస్తాయి. వాళ్ళు డబ్బు కడతారట, అందుకని ముందు వాళ్ళు వాడుకునేదాకా పైన కుళాయి తిప్పద్దని చెప్పారు. ఆ ట్యాంకు లెక్క కట్టిన మహానుభావుడెవరో గానీ, పైన కూడా మనుషులుంటారని అతనికెవరూ చెప్పినట్టు లేదు."

ఫిట్టరు గొంతు సవరించుకుని గోడవైపు చూశాడు.

బాయిలరు గది భవనం వెనకాల ఉంది. ట్యాంకు వెండి రేకు చుట్టుకుని పీపాలా నిలబడి ఉంది. లెక్కలమ్మ బయటికి పోయే పైపు మీద, రేకు చుట్టని చోట, వాల్వు మెడ దగ్గర అరచెయ్యి ఆనించింది. కింది గదుల స్నానాలకే ఉన్న వేడంతా అయిపోయినట్టుంది, నులివెచ్చన కూడా కాదు. ముందు బాయిలరు సరిగ్గా మండుతోందా అని చూసింది. మండుతోంది. పాపం మండుతూనే ఉంది, వచ్చే చన్నీళ్ళని అందుకోలేక.

"ట్యాంకు ఇంత చిన్నగా కనిపిస్తోందేమిటి?" అంది.

"ఎప్పుడూ కాగితం మీదే చూస్తారు కదండీ, అందుకు."

ఆమె ట్యాంకు చుట్టూ తిరిగి వెనక బిగించిన రేకు ముక్క దగ్గర వంగింది. కంపెనీ బిగించే రేకు. దానిమీద సున్నం పడి ఉంది. చీర కొంగుతో తుడిచింది. పదిహేను వందల లీటర్లు.

ఇంకోసారి తుడిచింది, అంకె కింద ఇంకో అంకె ఉంటుందేమో అన్నట్టు.

"అన్నయ్య పెంచలేదా?"

"లేదండీ. మీరు రాసిందే తెమ్మన్నారు. డీలరు కూడా వేళాకోళమాడాడు, ఏం, ఈసారి పైసైజు వద్దా అని. షరతు చదివించుకున్నారు కదా సారు. లెక్క కట్టినవాళ్ళ అంకెని కాంట్రాక్టరు పెంచకూడదు, తగ్గించకూడదు అని ఉందట. చదివించుకుని, పుస్తకం మూసేసి ఏమన్నారో తెలుసా? మా చెల్లెలి లెక్కలో నేను వేలు పెట్టడం ఇన్నాళ్ళూ తప్పేరా, అన్నారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆమె అంకె ఆమెకే చెప్పేదేముంది అనుకుని ఉంటాడు.

లెక్కలమ్మ పక్కనున్న పాత రంగు డబ్బా మీద కూర్చుంది. ఆమె కట్టిన లెక్కలో ఈ ఆసుపత్రికి కావలసింది రెండు వేల లీటర్ల ట్యాంకు. రెండు వేలని రాస్తే అన్నయ్య రెండున్నర వేలు తెప్పిస్తాడు. అనవసరంగా అంత నీరు రాత్రీ పగలూ కాగుతూ ఉంటుంది. వాదిస్తే నవ్వుతాడు. ఎన్నో ఏళ్ళ కిందట ఒకసారి వాదించి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆమె ఒక దారి కనిపెట్టింది. ఒక్కొక్కరి స్నానంలోంచి రెండు చెంబుల నీళ్ళు తీసేసేది. అంకె ఒక సైజు దిగేది. అన్నయ్య ఒక సైజు పెంచేవాడు. తీసేసిన చెంబులు తిరిగొచ్చేవి. ఆయనకి ఆయన మాట దక్కేది, భవనానికి సరైన ట్యాంకు దక్కేది. ఎవరికీ నష్టం లేదు. ఉప్పు చూసి వేసినంత అలవోకగా ఆమె చెయ్యి ఆ రెండు చెంబులు తీసేసేది. తీస్తున్నానని కూడా ఇప్పుడు తెలియడం మానేసింది.

ఈసారి ఆ చెంబులు తిరిగి రాలేదు.

"పైన ఆయా మగ్గులు కొలిచింది చూశావా?" అంది ఫిట్టరుతో. అతనికి అర్థం కాలేదు. "చూశానండీ," అన్నాడు మర్యాదకి.

ఇంటికి వచ్చేసరికి అన్నయ్య ఆఫీసులో నిలబడే ఎదురుచూస్తున్నాడు. ఆమె నోరు తెరిచేలోపే చెయ్యెత్తాడు.

"దొరికింది! నీకేం భయం లేదు. నీవైపు ఏ తప్పూ లేదు. పెద్ద నర్సుకి ఫోను చేసి మాటల్లో పెట్టి అడిగాను. వరండాలో కొత్తగా పడకలు వేశారట. పది దాకా వేశారట! కాంట్రాక్టులో మనకిచ్చిన పడకలెన్ని? వాళ్ళు వేసుకున్నవెన్ని? ఇంటికి నలుగురని చెప్పి నలభైమందిని దింపితే వంటమనిషిదా తప్పు? రేపు ఆఫీసరు వస్తున్నాడు. ఆ సంగతే అడుగుతాను మొహం మీద."

"అన్నయ్యా, ట్యాంకు..."

"ట్యాంకు బంగారంలా ఉంది. నీ సంతకానికి మచ్చ రానిస్తానా? నువ్వు రేపు వచ్చి పక్కన కూర్చో చాలు. మాట్లాడేది నేను."

ఇన్నేళ్ళలో ఆయన తన లెక్క వైపు ఇలా నిలబడటం ఆమె చూడలేదు. ఎన్నోసార్లు కోరుకుంది. ఇప్పుడు నిలబడ్డాడు, చొక్కా చేతులు మడుచుకుని, మొహం వెలిగిపోతూ. ఆ వెలుగు ఆర్పడానికి మాట కావాలి.

తెర తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వదిన గ్లాసుతో బియ్యం కొలుస్తోంది.

"ఇంకో గ్లాసు వెయ్యవోయ్, ఫిట్టరు కూడా తింటాడు," అని ఆఫీసులోంచి కేక.

"అలాగేనండీ," అంది వదిన. గ్లాసు బియ్యంలో ముంచింది. డబ్బా అంచుకి ఠంగుమని కొట్టింది. గిన్నెలో వెయ్యకుండా గ్లాసు డబ్బాలోనే ఖాళీ చేసి మూత పెట్టింది.

లెక్కలమ్మ ఆ గ్లాసువైపే చూస్తూ నిలబడింది.

"ఏమిటలా చూస్తావు? ఎప్పుడూ చూడనట్టు," అంది వదిన గొంతు తగ్గించి. "మీ అన్నయ్య మాట విని వండితే రోజూ సగం పారబొయ్యాలి. వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. ఆయన చెవులకి చప్పుడు కావాలి, నా గిన్నెకి నా కొలత కావాలి. ఇద్దరికీ చెల్లుతుంది."

"ఒకరోజు ఆయన తనే వచ్చి గిన్నెలో బియ్యం వేస్తే?"

"వేస్తే ఏమవుతుంది, మిగుల్తుంది."

"నువ్వు కొలిచినదాంతోనే సరిపెట్టమని, నలుగుర్ని అదనంగా తెస్తే?"

వదిన చెయ్యి డబ్బా మూత మీద ఆగింది. ఆడపడుచు మొహంలోకి చూసింది. ఆ తెరకు చెవులే కాదు, కళ్ళు కూడా ఉన్నాయి.

"ట్యాంకులోనా?" అంది.

లెక్కలమ్మ తల ఊపింది.

వదిన పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే మంట తగ్గించింది. "అన్నానికి చేసిన పని ఆసుపత్రికి చేశావా పిచ్చిదానా," అంది చివరికి. ఆ విద్య ఆ ఇంట్లో ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఆసుపత్రి ఆఫీసు గదిలో బల్లకి ఒకవైపు ఆఫీసరు, పెద్ద నర్సు. ఇంకోవైపు అన్నాచెల్లెళ్ళు. భవనాల పనులన్నీ చూసే ఆఫీసరాయన. మంచివాడే. జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది. కాంట్రాక్టు పుస్తకం ముందు పెట్టుకుని, చదివే ప్రతి వాక్యానికీ ముందు ఒకసారి తుమ్ముతున్నాడు.

"షరతు స్పష్టంగానే ఉంది కాంట్రాక్టరుగారూ. సైజు తేడా వస్తే బాధ్యత లెక్క మీద సంతకం చేసినవారిది."

"తేడా వస్తే కదండీ," అన్నాడు అన్నయ్య. "మీరు మాకిచ్చిన పడకలెన్నో ఆ పై పేజీలో ఉంది చూడండి. ఇప్పుడు నాతో వరండాలోకి రండి. మీరు ఎంచండి, నేను ఎంచను. నేను ఎంచితే ఒకటి పెంచి ఎంచానంటారు."

ఆఫీసరుకి నవ్వొచ్చింది. పెద్ద నర్సుకి రాలేదు. "కాన్పులకి వచ్చినవాళ్ళని పడకల్లేవని వెనక్కి పంపమంటారా?" అంది.

"నేనలా అంటానా అమ్మా? పది మందిని చేర్చుకోండి, వంద మందిని చేర్చుకోండి. మా లెక్క తప్పని మాత్రం అనకండి. ఊళ్ళో అందరూ నన్ను పైసైజు అంటారు, నాకు తెలుసు. నా జన్మలో ఎవరి లెక్కా నమ్మినవాణ్ణి కాదు. ఇది మా చెల్లెలి లెక్క. నేను దీంట్లో వేలు పెట్టలేదు. ఇందులో చెంబు నీళ్ళు తేడా ఉందని ఎవరైనా చూపించండి, రేపట్నుంచి ఈ పని మానేస్తాను."

లెక్కలమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని గోళ్ళు చూసుకుంటోంది. చెంబు అన్న మాట ఆయన నోట ఎందుకొచ్చిందో! లోకంలో ఇన్ని కొలతలుండగా.

ఆఫీసరు పేజీలు అటూ ఇటూ తిప్పాడు. పడకల సంఖ్య రెండుసార్లు చూశాడు. పుస్తకం మూశాడు. "మీరన్నది నిజమే. షరతు ప్రకారం మీ తప్పు లేదు. పడకలు మేమే పెంచాం. ఇంక కొత్త ట్యాంకు కావాలంటే మేమే అడగాలి, పై నుంచి మంజూరు కావాలి. వచ్చే చలికాలానికి వస్తే మన అదృష్టం."

"అంతదాకా?" అంది పెద్ద నర్సు.

"అంతదాకా ఇప్పుడు చేస్తున్నట్టే. ముందు కింద, తర్వాత పైన. పైవాళ్ళు కాస్త సర్దుకోవాలి."

"ఎప్పుడూ పైవాళ్ళేనండీ సర్దుకునేది," అంది పెద్ద నర్సు, ఎవరినీ చూడకుండా.

అన్నయ్య బల్ల కింద చెల్లెలి చెయ్యి తట్టాడు. గెలిచాం, అన్నట్టు. చిన్నప్పుడు పందెం గెలిచి ఆమెకి సగం ఇచ్చేముందు అలాగే తట్టేవాడు. బయట మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ. ఖాళీ బకెట్ల చప్పుడు. ఆ చప్పుడు ఆఫీసు గది గుమ్మం దాటి వంటశాల వైపు వెళ్ళేదాకా లెక్కలమ్మ విన్నది.

"లెక్క తప్పింది," అంది.

ఎవరికీ సరిగా వినిపించలేదు. ఆఫీసరు చేతిరుమాలు ముక్కు దగ్గర్నుంచి తీశాడు.

"వరండాలో పడకల వల్ల కాదండీ. ఆ పడకలు కలుపుకున్నా రెండు వేల ట్యాంకు చాలేది. నేను పదిహేను వందలు రాశాను. ఒక్కో స్నానానికి రెండు చెంబులు తక్కువ వేశాను. తప్పు నాది. ట్యాంకు మేమే మార్చి పెడతాం."

"చూసుకోలేదా అమ్మా?" అన్నాడు ఆఫీసరు, అంతకన్న మెత్తగా అడగడం తెలియక.

"చూసే వేశానండీ."

అన్నయ్య చెయ్యి ఇంకా బల్ల కింద ఆమె చేతి మీదే ఉంది. అది బరువెక్కింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో వ్యాను ఆయనే నడిపాడు. వెనకాల పైపు ముక్కలు గతుకు గతుక్కీ గలగలమంటున్నాయి. కూడలి దాటారు. రైలు గేటు దగ్గర ఆగారు. గేటు పడి ఉంది. ఇంజను ఆపేశాడు.

"రెండు చెంబులు నువ్వు మరిచిపోయే మనిషివి కాదు," అన్నాడు, గేటువైపే చూస్తూ.

ఆమె కూడా గేటువైపే చూసింది.

"నేను పెంచుతానని తగ్గించావు."

"ఊఁ."

"ఈ ఒక్కసారేనా?"

రైలు వచ్చింది. గూడ్సు బండి. ఎంతకీ తెగదు. అది అయ్యేదాకా జవాబు చెప్పక్కర్లేదని ఆమెకి ఒక క్షణం అనిపించింది. కానీ ఆయన ఆమెవైపు తిరిగి పెదవుల కదలిక కోసం చూస్తున్నాడు.

"ప్రతిసారీ," అంది.

బండి వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. అన్నయ్య కదలలేదు.

"అమ్మాయిల హాస్టలు?"

"అదీ."

"ఆ మిల్లు? పెద్ద పంపు బిగించాం. యజమాని నాకు శాలువా కప్పాడు. మీరు ఒక సైజు పెంచబట్టి మా మిల్లు నిలబడిందన్నాడు."

"అది సరిగ్గా ఎంత కావాలో అంతే ఉంది అన్నయ్యా. అందుకే నిలబడింది."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో దారి తప్పింది. "అంటే నేను జన్మలో ఒక్కటీ పెంచలేదన్నమాట. ఊరు ఊరంతా పైసైజు పైసైజు అని ఊరికే అంది." లారీవాడు మళ్ళీ కొట్టాడు. ఇంజను స్టార్టు చేశాడు. "నాతో దెబ్బలాడచ్చుగా."

"దెబ్బలాడాను. మొదట్లో."

"ఇంకా దెబ్బలాడాల్సింది," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. "నేను మూర్ఖుణ్ణే. కాదన్నానా? మూర్ఖుడితో దెబ్బలాడతారు. పిచ్చివాడికే, అవునవునని చెప్పి చేతిలో ఉత్త గ్లాసు పెడతారు."

ఉత్త గ్లాసు అని ఎందుకన్నాడో, వంటింటి చప్పుళ్ళలో ఆయనకి ఎంత తెలుసో ఆమె అడగలేదు.

ఆ వారంలోనే ట్యాంకు మారింది. చిన్నదాన్ని డీలరు వెనక్కి తీసుకోనన్నాడు. దాన్ని తెచ్చి పెరట్లో, గోడ పక్కన పడుకోబెట్టారు. వదిన దానిమీద పాత దుప్పటి కప్పింది. ఎండ పడి వెండి రేకు మెరుస్తుంటే వంటింటి కిటికీలోకి కళ్ళలో కొడుతోందని చెప్పింది కానీ, కారణం అది కాదు.

కొత్త ట్యాంకు బిగించిన మర్నాటి పొద్దున్న లెక్కలమ్మ ఆసుపత్రికి వెళ్ళి మూడో అంతస్తు ఎక్కింది. స్నానాల గదిలోంచి ఆవిరి వస్తోంది. ఆయా తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, కట్టున్న కాలు చాపుకుని, ఎవరిదో బిడ్డని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తోంది.

"వచ్చారా? చూడండి, కుళాయికి ఇప్పుడు జ్ఞానం వచ్చింది," అంది. "ఆ లెక్క కట్టినతన్ని మార్చారా ఏమిటి?"

"లేదు. ఆ మనిషే," అంది లెక్కలమ్మ.

"పోనీలెండి. కొట్టి చెప్పారా, తిట్టి చెప్పారా?"

లెక్కలమ్మ కట్టువైపు చూసింది. "అది నేనేనమ్మా," అని చెప్పడానికే మెట్లెక్కి వచ్చింది. చెప్పింది.

ఆయా చేతిలో తువ్వాలు ఆగింది. ఆమెని పైనుంచి కిందికి చూసింది. కాలు కొంచెం దగ్గరికి తీసుకుంది. "చదువుకున్నవాళ్ళకి కూడా అవుతాయన్నమాట," అని, బిడ్డ చంకలు తుడవడంలో పడింది. మళ్ళీ తలెత్తలేదు.

ఆ సాయంత్రానికి కొత్త పని లెక్క ఒకటి తయారైంది. ఒక పెద్ద హోటలుకి వేడినీళ్ళు. లెక్కలమ్మ ఎవరి స్నానంలోనూ ఎవరి చెంబూ ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండటానికే ఎక్కువసేపు పట్టింది. చెయ్యి మాటిమాటికీ అటే పోయింది. రెండుసార్లు చెరిపి మళ్ళీ రాసింది. కాగితాలు తీసుకెళ్ళి అన్నయ్య బల్ల మీద పెట్టి, ఎప్పటిలాగే బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఎప్పటిలాగే ఆయన చివరి పేజీ తిప్పి చివరి అంకె చూస్తాడనుకుంది. చూసి ఆ మాట అంటాడు. అన్న వెంటనే ఈసారి దెబ్బలాడాలని, ఏమేం అనాలో కూడా మాటలు కూర్చుకుని వచ్చింది.

అన్నయ్య కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మొదటి పేజీ ముందుకు లాక్కున్నాడు. మొదటి వరస మీద వేలు పెట్టాడు. పరాయివాళ్ళ కాగితాలు ఆయన అలాగే చదువుతాడు, వరస వరసకీ వేలు దించుతూ, పెదవులు కదుపుతూ. చెల్లెలి కాగితాలు ఎన్నడూ అలా చదవలేదు. గదులు. మంచాలు. స్నానాలు. ఒక్కొక్క స్నానానికి ఎంత నీరు. అక్కడ వేలు ఆగింది. ఏదో అడుగుతాడనుకుంది. అడిగితే బాగుండును.

వేలు కింది వరసకి దిగింది.

తెర అవతల గ్లాసు చప్పుడు లేదు. వదిన కూడా వింటున్నట్టుంది.

చివరి పేజీ చివరి అంకె దాకా చదివాడు. కాగితాల అంచులు సరిచేసి ఆమెకి అందించాడు. "బాగానే ఉంది," అన్నాడు. "పంపించెయ్."

ఆమె కాగితాలు అందుకుంది కానీ కదలలేదు. ఇంకో మాట ఉందేమోనని కాసేపు నిలబడింది.

"ఏమిటి?" అన్నాడు.

"ఏం లేదు," అంది.

తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, సంతకం చెయ్యాల్సిన చోట పేరు రాసింది. ఈసారి చెయ్యి వణకలేదు.